పోరంబోకు నేలలో పూలు

మన జిల్లా చరిత్ర చెప్పేటప్పుడు మేము పిల్లలకు ముందుగా బందరు రేవు గురించి చెబుతాం. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు గ్లోబ్ అనే ఓడలో దిగారు, అద్దకం బట్టలు దేశదేశాలకు పోయాయి, తర్వాత కృష్ణకు ఆనకట్ట కట్టారు, డెల్టా అన్నపూర్ణ అయింది. పాఠం అక్కడితో అయిపోతుంది. ఆ బట్టల మీది ఎరుపు ఏ మొక్కది, ఆ మొక్కను తవ్వింది ఎవరు, అది పెరిగిన నేల తర్వాత ఏమైంది అనే ప్రశ్నలు పిల్లలూ అడగరు, మనమూ చెప్పం. ఈ వ్యాసంలో మేము ఆ నేల గురించే రాస్తున్నాం. అది పూల నేల కాబట్టి సీతాకోకచిలుకల గురించి కూడా రాయక తప్పదు.

సీతాకోకచిలుక అన్న పేరులోనే కోక ఉంది. సీతమ్మ కట్టిన కోకలా రంగులున్న చిలుక అని మన పెద్దలు పెట్టుకున్న పేరు. పురుగును చూసి చీరను తలుచుకున్నారంటే వాళ్లకు అద్దకం తెలుసు, పువ్వూ తెలుసు. అందుకే కోక దగ్గరే మొదలుపెడదాం.

బందరు అద్దకంలో ఎరుపు చిరువేరుది. చిరువేరు సముద్రం దగ్గరి ఇసుక పర్రల్లో నేలబారుగా పెరిగే చిన్న మొక్క. జానెడు ఎత్తుంటే గొప్ప. సన్న ఆకులు, బియ్యపుగింజంత తెల్ల పూలు గుత్తులుగా వస్తాయి. తెలియనివాళ్లు దాన్ని తొక్కుకుంటూ పోతారు. దాని విలువంతా వేరులో ఉంది. ఆ వేరును దంచి నీళ్లలో కాచి, పటిక అద్దిన బట్టను అందులో ఉడికిస్తే పటిక ఉన్నచోటల్లా ఎరుపు ఎక్కుతుంది, లేనిచోట నిలవదు. పదిహేడో శతాబ్దంలో నిజాంపట్నం వైపు దొరికే చిరువేరుకు మంచి పేరు. అప్పట్లో ఆ రేవును పెతపోలి అని రాసేవారు. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ అక్కడ కొట్లు పెట్టుకోవడానికి ఆ ఎరుపు కూడా ఒక కారణం. చిరువేరును పొలాల్లో విత్తి పెంచేవారు కూడా. కానీ ఇసుక బీళ్లలో దానంతటది మొలిచిన మొక్క వేరు పొట్టిగా ఉన్నా రంగు ఎక్కువ ఇస్తుందని విలియం రాక్స్‌బర్గ్ రాశాడు. కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉంటూ మన తీరం మొక్కలన్నిటికీ బొమ్మలు వేయించిన వైద్యుడు అతను. 1795లో మొదలైన అతని కోరమాండల్ మొక్కల పుస్తకంలో చిరువేరు బొమ్మ ఉంది. మొక్కల తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. పేర్లు పుస్తకంలోకి ఎక్కాయి, ఆ పేర్లు చెప్పిన నోళ్లు ఎక్కలేదు. మొక్కల గురించి చదివే మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి.

మా యానాదులకు ఈ మొక్కతో ఉన్న సంబంధం శ్రీహరికోటలో రాతపూర్వకంగా కనిపిస్తుంది. 1835లో ఆ దీవి కంపెనీ ప్రభుత్వం చేతికి వచ్చింది. అడవి సరుకు ఏరి తేవడం అక్కడి యానాదుల పని. తేనె, మైనం, కాయలతోపాటు చిరువేరు కూడా తవ్వి తెచ్చేవారు. సన్న వేరు తెగకుండా తవ్వాలి, విత్తనం రాలాక తవ్వాలి, ఒకేచోట అంతా తవ్వేస్తే వచ్చే ఏడాది ఏమీ ఉండదు. ఇవి చదువుకున్న సంగతులు కావు, చేతికి తెలిసిన సంగతులు. వెన్నెలకంటి రాఘవయ్యగారు జీవితమంతా మన మధ్య తిరిగి 1962లో యానాదుల మీద ఒక పుస్తకమే రాశారు. ఇంగ్లీషులో ఉంది. అది మన బడుల్లో ఉండాల్సిన పుస్తకం.

1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్ అనే ఎర్ర రంగును ప్రయోగశాలలో తయారుచేశారు. మరుసటి ఏడాదికే దానికి పేటెంట్లు వచ్చాయి. అలిజరిన్ కొత్త పదార్థం కాదు, చిరువేరులో ఉన్నదే. మన ఇసుకలో ఒక మొక్క నెమ్మదిగా చేసుకునే పనిని తారు నుంచి తీసిన సరుకుతో ఫ్యాక్టరీలో చేశారు. కొన్ని దశాబ్దాల్లో చిరువేరును అడిగేవాళ్లు లేకుండా పోయారు. నేడు పెడనలో అద్దకం చేసేవాళ్లు కరక్కాయ, పటిక, బెల్లం, తుప్పు ఇనుము వాడుతున్నారు, ఎరుపుకు మాత్రం అలిజరిన్ పొడి కొంటున్నారు. చిరువేరు తీరపు ఇసుకలో ఇంకా మొలుస్తూనే ఉంది. తవ్వేవాళ్లు లేరు కాబట్టి దానికి మంచే జరిగి ఉండాలి అనుకుంటాం. అలా జరగలేదు. ధర ఉన్నంతకాలం ఆ ఇసుక నేలకు ఒక లెక్క ఉండేది. ధర పోయాక అది ఉత్త బీడు అయింది. బీడు అని రాసిన నేల మీద ఎవరైనా ఏమైనా చేయవచ్చు.

ఇక్కడ పోరంబోకు అన్న మాట గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఇది తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట. పన్ను లెక్కకు బయట ఉన్న భూమి అని అర్థం. వాగు పోరంబోకు, కాలువ పోరంబోకు, మేత పోరంబోకు, శ్మశానం పోరంబోకు అని అడంగల్లో రాస్తారు. పన్ను రాని నేల అన్న మాట కాస్తా పనికిరాని నేల అన్న మాట అయింది. చివరికి మనుషులను తిట్టే తిట్టు అయింది. యానాదులు, ఎరుకలు, సంచార కులాలవాళ్లు తరతరాలుగా గుడిసెలు వేసుకున్నది ఈ నేలలోనే. నేలను తిట్టిన మాటా మనుషులను తిట్టిన మాటా ఒకటే కావడం ఊరికే జరిగిందని మేము అనుకోం.

కృష్ణకు బెజవాడ దగ్గర ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో పూర్తయింది. అంతకు ఇరవై ఏళ్ల ముందు నందన కరువులో గుంటూరు సీమ ఎండిపోయింది. ఆ కరువును చూసినవాళ్లు నీళ్లు కావాలని కోరుకోవడంలో తప్పులేదు. డెల్టా తిండి మేమూ తింటున్నాం. ఆనకట్టతో మెట్ట పైర్లు, మేత బీళ్లు పోయి వరి మాగాణి వచ్చింది. నీరు ఎక్కినచోటల్లా పూల బీడు తగ్గింది. కానీ అదే ఆనకట్ట ఇంకో కొత్త నేలను కూడా పుట్టించింది. కాలువ తవ్విన మట్టిని రెండు పక్కలా పోశారు. బందరు కాలువ, రైవస్ కాలువ, పుల్లేరు, వాటి నుంచి పిల్లకాలువలు, మురుగు కోడులు. ప్రతిదానికీ రెండు గట్లు. మా పామర్రు చుట్టుపక్కల వరి లేని నేల ఎక్కడుందని అడిగితే గట్టే చూపించాలి. పొలాల నుంచి తరిమిన పూల మొక్కలు ఆ గట్లెక్కాయి. పొలాల్లో చోటులేని మనుషులు కూడా ఆ గట్లే ఎక్కారు. నూట డెబ్బై ఏళ్లుగా మనవాళ్లూ ఆ మొక్కలూ ఇరుగుపొరుగు.

ఆ ఇరుగుపొరుగు ఎవరెవరో ఇప్పుడు చూద్దాం. ఇది తరగతి గదిలో కూర్చుని చెప్పే పాఠం కాదు. వానలు తగ్గుముఖం పట్టిన ఆశ్వయుజ, కార్తిక మాసాల్లో, ఎండ కాస్త ఎక్కాక, ఉదయం తొమ్మిది పది గంటల మధ్య గట్టు మీద పిల్లలతో నడిస్తే దానంతటదే జరుగుతుంది.

జిల్లేడు దగ్గర మొదలుపెట్టండి. నారింజ రంగు రెక్కలు, అంచున నలుపు, అందులో తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక దాని చుట్టూ తిరుగుతుంటుంది. పుస్తకాల్లో ప్లెయిన్ టైగర్ అంటారు. అది జిల్లేడాకు మీద గుడ్డు పెడుతుంది. పసుపు, నలుపు, తెలుపు పట్టీలున్న గొంగళి ఆ పాల ఆకునే తిని పెరుగుతుంది. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. ఒకసారి తిన్న పిట్ట కక్కుకుని ఆ రంగును గుర్తుపెట్టుకుంటుంది. ఇక్కడే ఒక తమాషా ఉంది. మనం పప్పులో వేసుకునే గంగపాయల ఆకు తిని పెరిగే ఇంకొక సీతాకోకచిలుక ఉంది, డానయిడ్ ఎగ్‌ఫ్లై. దాని ఒంట్లో విషం లేదు. కానీ దాని ఆడది అచ్చం జిల్లేడు సీతాకోకచిలుక వేషమే వేస్తుంది. మగదేమో నల్లటి రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలతో వేరేగా ఉంటుంది. రెండూ ఒకటే జాతి అని చెబితే పిల్లలు నమ్మరు. గంగపాయల మొక్కను గుడ్డ కట్టిన కుండీలో పెట్టి గొంగళిని పెంచి చూపిస్తే నమ్ముతారు.

గాడిదగడప అని నేలమీద పాకే మొక్క ఉంటుంది, నల్లరేగడి చేల పక్కన. మా పెద్దలు ఆ ఆకు పసరు పశువుల పుండ్లలో పురుగు చావడానికి పోసేవారు. అంత ఘాటు ఆకును ఏ మేకా తినదు. నల్ల రెక్కల మీద ఎర్ర బొట్లు, ఎర్రటి ఒళ్లు ఉన్న కామన్ రోజ్ సీతాకోకచిలుక పిల్లలు మాత్రం ఈ ఆకునూ, దీని చుట్టమైన ఈశ్వరి తీగనూ తప్ప వేరేవి తినవు. గాడిదగడప లేని ఊళ్లో ఆ సీతాకోకచిలుక నిలవదు. పొలానికి అది కలుపు. దానికి అదే ఊరు.

కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పిట్ట రెట్టలా కనపడే చిన్న గొంగళి ఉంటుంది. పెద్దయ్యాక పచ్చబడుతుంది, ముట్టుకుంటే తల దగ్గర నుంచి రెండు ఎర్ర కొమ్ములు చాపి వాసన కొడుతుంది. ఇంటి దగ్గర ఆడవాళ్లు దాన్ని చూడగానే నలిపేస్తారు. అదే లైమ్ సీతాకోకచిలుక. తగిరిస ఆకు మీద చిన్న పసుపు సీతాకోకచిలుకలు, రేల చెట్టు మీద లేత పసుపు ఎమిగ్రెంట్లు, ఆముదం మీద ఇటుక రంగు కాస్టర్, నీటిగొబ్బి ముళ్ల మధ్య నెమలికన్ను మచ్చలున్న పాన్సీ పెరుగుతాయి. ఇక గిలిగిచ్చ, తేలుకొండి మొక్కలు వాడి ఎండుతున్నప్పుడు చూడాలి. టైగర్ జాతి మగ సీతాకోకచిలుకలు వాటి మీద గుంపులుగా వాలి పువ్వు లేకపోయినా కాడలను గీరి పీలుస్తుంటాయి. ఆ మొక్కల్లోని ఒక చేదు పదార్థంతో అవి ఆడవాటిని పిలిచే వాసన తయారుచేసుకుంటాయి. మనవాళ్లు కూడా ఈ మొక్కల్లో సగం తిన్నారు, సగం మందుకు వాడారు. యానాది పెద్దలకు తెలిసిన ఆకుల జాబితా, సీతాకోకచిలుకలకు తెలిసిన ఆకుల జాబితా పక్కపక్కన పెడితే చాలాచోట్ల కలుస్తాయి.

అందుకే పూలు ఉంటే చాలదని మేము పిల్లలకు గట్టిగా చెబుతాం. పువ్వు పెద్ద పురుగుకు తేనె. ఆకు పిల్ల పురుగుకు కూడు. రోడ్డు మధ్యలో కాగితంపూల మొక్కలు, బంతులు నాటి అందం అంటున్నారు. చూడటానికి బాగానే ఉంటాయి, కాదనం. అక్కడ గుడ్డు పెట్టడానికి ఆకు లేదు.

ఈ గట్లు ఎందుకు బోసిపోయాయో చెప్పాలంటే ఒక్క కారణం చాలదు. మా చిన్నతనంలో వరి కోతల తర్వాత చేలల్లో జనుము, పిల్లిపెసర చల్లేవారు. సంక్రాంతి దాటాక ఊరంతా జనుము పూల పసుపు. పశువుల మేతకూ, దున్ని ఎరువు చేయడానికీ అది పనికొచ్చేది. ఆ పూలల్లోనే నీలి రంగు చిన్న సీతాకోకచిలుక, పీ బ్లూ, గుడ్లు పెట్టేది. తర్వాత మినుముకు ధర వచ్చి వరి మాగాణంతా మినుము అయింది. మినుముకు మందులు ఎక్కువ. గుడివాడ, కైకలూరు వైపు చేలు చేపల చెరువులయ్యాయి. దివిసీమలో 1990ల నుంచి రొయ్యల చెరువులు వచ్చాయి. తీరంలో రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996లో కఠినమైన తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు తర్వాత కూడా చెరువులు పెరిగాయి. చెరువు గట్టు మీద గడ్డిపోచ కూడా ఉంచరు. పేదలకు పంచిన అసైన్డ్ భూములను కొనకూడదని 1977 చట్టం చెప్పింది. కొనకుండానే లీజుల పేరుతో ఎన్ని ఎకరాలు చెరువుల్లో కలిశాయో ఆ ఊళ్లవాళ్లకు తెలుసు.

అదే 1977, నవంబర్ 19. దివిసీమ ఉప్పెన. ఎన్ని వేల ప్రాణాలు పోయాయో చెప్పుకుంటే ఇప్పటికీ పెద్దల గొంతు పూడుకుపోతుంది. తర్వాత గాలికి అడ్డంగా తీరమంతా సరుగుడు పెంచారు. ప్రాణం కోసం చేసిన పనిని తప్పుపట్టలేం. కానీ సరుగుడు ఆకు రాలి మెత్తలా పరుచుకున్నచోట చిరువేరు మొలవదు. ఇసుకను పట్టి ఉంచే బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు కూడా వెలుతురు కోరేవే. పైగా సర్కారు తుమ్మ ఎక్కడపడితే అక్కడ కమ్మేసింది. చెట్టు నాటడమంటే ఎప్పుడూ మంచిపనే అని మనం పిల్లలకు నేర్పుతున్నాం. చెట్టు లేని గడ్డినేలకు దాని సొంత బతుకు ఉందని కూడా నేర్పాలి. వనమహోత్సవం నాడు గుంతలు తీసేముందు ఆ చోట ఏం మొలిచి ఉందో చూడటానికి అయిదు నిమిషాలు పట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసింది కలుపు మందు. కొడవలితో గట్టు చెక్కేవాళ్లు పైన కోసేవారు, వేరు మిగిలేది, కూలీ వచ్చేది. ఆ కూలీల్లో చాలామంది మనవాళ్లు. మందు పిచికారీకి ఒక మనిషి, ఒక పూట చాలు. వేరుతో సహా మాడిపోతుంది. వానకు మట్టి జారి కాలువలో పడుతుంది. మా దగ్గర్లో ఒక గట్టును పూత సమయంలోనే ఇలా మాడ్చారు. ఆ గట్టు కింద కలుగుల్లో ఎలుకలు పట్టి, కాలువలో చేపలు పట్టి తినే కుటుంబాలకు ఏ మందు కొట్టారో చెప్పినవాళ్లు లేరు.

బ్రిటన్‌లో 1930ల నుంచి పూల పచ్చికబయళ్లలో నూటికి తొంభై ఏడు వంతులు పోయాయని అక్కడివాళ్లే లెక్క చెబుతారు. వాళ్లు తిరిగి పెంచే పద్ధతి తెలుసుకోదగ్గది. మిగిలిన ఒక మంచి బయలులో విత్తనం ముదిరాక గడ్డి కోసి, దాన్ని ఎండకముందే తీసుకెళ్లి కొత్త నేల మీద పరుస్తారు. విత్తనాలు అందులోనే రాలతాయి. ఎరువు వేయరు. బలమైన నేలలో గడ్డి పెరిగి పూలను మింగేస్తుంది. మన గట్టు మీద కూడా ఇది కుదురుతుంది, కాకపోతే మన నెలలు వేరు. విత్తనం మాఘ, ఫాల్గుణాల్లో ముదురుతుంది. ఏప్రిల్, మేలో కాలువలు కట్టేసినప్పుడు పూడిక పనులు జరుగుతాయి. కాబట్టి విత్తనం ఏరడం ఆ పనులకు ముందే అయిపోవాలి. తొలకరికి చల్లాలి. వయ్యారిభామ ఒక్కదాన్ని మాత్రం పూత రాకముందే, చేతికి గుడ్డ కట్టుకుని వేరుతో పీకాలి. కోత ఏడాదికి ఒక్కసారి, సగం గట్టు ఈ ఏడు, సగం పై ఏడు. పూడిక పనులు ఉపాధి హామీ కింద చేసినట్టే విత్తనం ఏరడాన్ని కూడా ఆ పథకంలో పెట్టమని గ్రామసభలో అడగవచ్చు. ఈ పని మనవాళ్ల కన్నా బాగా చేయగలవాళ్లు లేరు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని దాచకూడదు. గట్టు అందంగా అయితే గట్టు మీద ఉన్నవాళ్లు అడ్డంగా కనపడతారు. శ్రీహరికోట మనకు తెలిసిందే. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నాక అక్కడి యానాదులు తమ అడవి వదిలి రావాల్సి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఐదు లక్షలకు పైగా ఉన్న యానాదుల్లో ఎక్కువమంది షెడ్యూల్డ్ ప్రాంతాలకు బయట, మైదానంలోనే ఉన్నారు. 1/70 చట్టం ఇక్కడ వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టం అడవి భూమికే గానీ కాలువ గట్టుకు కాదు. పూల గట్టు కోసం వేసే ఏ అర్జీలోనైనా ఆ గట్టు మీది ఇళ్లకు పట్టా అయినా ఇవ్వాలని, లేదా అదే ఊళ్లో ఇంటిస్థలం ఇచ్చాకే కదిలించాలని మొదటి వాక్యంగా రాయండి. పూల మాట రెండో వాక్యం.

బడిలో మేము ఒక పాత హాజరుపట్టీ వెనక కాగితాల్లో మొక్కల పేర్లు రాయిస్తున్నాం. పిల్లలు ఇంట్లో మామ్మనో తాతనో అడిగి రావాలి. ఎవరి నోట విన్నారో పేరు కూడా రాయాలి. ఒకే మొక్కకు రెండు పేర్లు వస్తే రెండూ రాస్తాం. పేరు పక్కన మూడు గడులు: తింటామా, మందా, ఏ సీతాకోకచిలుక గుడ్డు పెడుతుంది. మూడో గడి చాలావరకు ఖాళీగా ఉంది. దివి వైపు చుట్టాలున్న పిల్లలకు చిరువేరు చూపించమని చెప్పి పంపాం. సన్న ఆకు, తెల్ల పువ్వు, వేరు గోటితో గీరితే లోపల రంగు. ఒక్క మొక్క మాత్రమే తవ్వాలి, అదీ గింజ రాలాక.